ఆపదయందు అనుగ్రహము: డొక్కా సీతమ్మగారి స్మారకోపన్యాసము

కోనసీమ యంతయు తరతరములుగా అన్నపూర్ణయని కొనియాడు డొక్కా సీతమ్మగారి సంస్మరణసభలో మాటాడుట నాకు గౌరవమును, బరువును గూడ. గౌరవమెందుకో చెప్పనక్కఱలేదు. బరువెందుకనగా, ఆమె తన జీవితకాలమునందు ఏ వేదికయు ఎక్కి ధర్మోపన్యాసము చేసినట్లు ఎవ్వరును చెప్పరు. ఆమె ధర్మమంతయు పొయ్యివద్దను, విస్తరివద్దను నడచినది. అట్టి మహనీయురాలిని గూర్చి మాటాడువాడు తన మాటలను మితముగా వాడుకొనుట మర్యాద.

ఆమె 1841లో మండపేటలో అనుప్పిండి భవానీశంకరముగారి ఇంట జన్మించెను. ఆయనను ఊరివారు బువ్వన్నయని పిలిచెడివారట. ఆకలిగొన్నవానికి బువ్వపెట్టు ఆ యింటి ఆడపడుచు లంకల గన్నవరమునకు డొక్కా జోగన్నగారి ఇల్లాలై వచ్చి, 1909లో కన్నుమూయువఱకు పుట్టినింటి పేరును మెట్టినింట నిలిపెను. గోదావరి పాయల నడుమనున్న ఆ లంకసీమలో ఆ దినములందు ప్రయాణమనగా కొంత పడవ, కొంత కాలినడక, మరల పడవ. రేవు దాటువాడు ఏ జామున ఒడ్డెక్కునో వానికే తెలియదు. వరద వచ్చినచో పడవయే కదలదు. పూటకూళ్ల యిండ్లు పట్టణములలోనే గాని పల్లెలలో లేవు. అట్టి త్రోవలో తడిసిన బట్టలతోను, ఏడ్చు పిల్లలతోను, వేళగాని వేళ తలుపు తట్టినవారికి, మీరెవ్వరని గాని ఎందుకు వచ్చితిరని గాని అడుగక, పొయ్యి రాజవేసి వండి వడ్డించిన ఇల్లది. ఆమె ఒకప్పుడు అంతర్వేది స్వామిదర్శనమునకై పల్లకిలో బయలుదేరి, మార్గమధ్యమున ఒక పెండ్లివారి గుంపు గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని చెప్పి ఆకలిగొన్న పిల్లలను ఊరడించుట విని, పల్లకిని వెనుకకు త్రిప్పించి వారికంటె ముందుగా ఇల్లు చేరెనని అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకసందర్భమున ఆమె చిత్రపటమును సీమకు తెప్పించుకొనిరనియు ప్రసిద్ధి కలదు; ఆమెకు మాత్రము ఆ ప్రసిద్ధికంటె ఆనాటి వంటచెఱకు ముఖ్యమైయుండుననుటలో సందేహములేదు.

సీతమ్మగారి కథను మనము సాధారణముగా పెట్టినవారి వైపునుండి చెప్పుకొందుము. విస్తరిముందు కూర్చున్నవాని వైపునుండి చూచుట అరుదు. ఆ బాటసారి దారిపొడవునను దైవమును నిందించుకొనుచు వచ్చియుండవచ్చును. తన పిల్లలకు ఒక పూట అన్నమైన సమకూర్పలేని బ్రదుకెందుకని విసిగియుండవచ్చును. వేడియన్నపు ముద్ద నోటికందిన క్షణమున, తాను విడువబడినవాడు కాడని వానికి తోచియుండును. ఆ యనుగ్రహము ఆకాశమునుండి దిగలేదు. ఒక గృహిణి చేతి గరిటెనుండి దిగినది. నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయమిదియే: ఆపదయందు భగవదనుగ్రహము కలదనుటలో అర్థమేమి? కలదేని, దానిని పొందినవాడు దానిని ఏమి చేయవలయును?

మొదటి ప్రశ్నకు మిక్కిలి సులభముగా సమాధానము చెప్పువారు మన సమాజములో కొల్లలుగా కలరు. కడుపుకోతతో కూలబడిన తల్లియొద్దకు పోయి, అంతయు దైవలీలయనియు, భగవంతుడు తనవారినే పరీక్షించుననియు, దీనిలోను ఏదో మేలుండుననియు నాలుగు వాక్యములు వల్లించి, పరామర్శ ముగిసినదని లేచిపోవుట మనము చూడనిది కాదు. ఆ మాటలు శాస్త్రసమ్మతములే కావచ్చును. ఐనను ఆ తల్లికి అవి పుండుపై కారము. ఏలయనగా, కష్టము అనుగ్రహమని పలుకు అధికారము కష్టమనుభవించినవానికి మాత్రమే కలదు. ఒడ్డున నిలిచి చూచువానికి లేదు. చూచువాని కర్తవ్యము వ్యాఖ్యానము కాదు, చేయూత. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణము మాత్రమే.

మన పురాణములు ఈ మర్యాదను ఎంత జాగరూకతతో పాటించినవో గమనింపుడు. పోతనామాత్యుడు తెనిగించిన భాగవతమునందు, ప్రథమస్కంధమున, యుద్ధానంతరము శ్రీకృష్ణుడు ద్వారకకు ప్రయాణమైనప్పుడు కుంతి ఆయనకెదురేగి స్తుతించును; తమకు ఆపదలు కలుగుచునే యుండవలయుననియు, ఆపదలయందే నీ దర్శనము లభించినదనియు ఆమె అభిప్రాయము. లోకమున ఇట్టి వరము కోరినవారు మఱియొకరు కానరారు. కాని కోరినదెవరు? భర్తను అడవిలో పోగొట్టుకొని, ఐదుగురు పిల్లలతో దాయాదుల పంచ చేరి, లక్కయింటి మంటనుండి సొరంగమున బయటపడి, నిండుసభలో కోడలికి జరిగిన పరాభవమునకు కుమిలి, కడకు యుద్ధములో మనుమలనందఱను కోల్పోయి, ఉత్తర గర్భమునందలి యొక్క పిండము మిగిలినదని ఊపిరి పీల్చుకొన్న వృద్ధురాలు. ఆ మాట ఆమె నోట వచ్చినది గనుక స్తోత్రమైనది. అదే మాటను ద్యూతసభలో భీష్ముడు లేచి ద్రౌపదితో పలికియుండినచో, దానిని వ్యాసుడును క్షమించియుండడు, మనమును క్షమించియుండము.

కష్టపడినవానికి ఇంకొక అధికారమును గూడ మన సంప్రదాయము దయచేసినది. అది దేవునితో కలహించు అధికారము. పాల్వంచ తహసీలుదారైన కంచెర్ల గోపన్న భద్రాచలమున రామాలయము కట్టించి, సర్కారు పైకము వాడినందుకు గోలకొండ కారాగారమున పండ్రెండేండ్లు మ్రగ్గెనని ప్రసిద్ధి. ఆ చెఱలో పుట్టినవని చెప్పబడు కీర్తనములలో శాంతముగా పాడుకొన్నవెన్నియో కలవు; కాని సీతమ్మకు చేయించిన సొమ్ములకును, లక్ష్మణునికి చేయించిన భూషణములకును లెక్కచెప్పి, ఇంత చేసిన నన్నిట్లు విడిచితివేమని స్వామిని గట్టిగా నిలదీసినవియు కలవు; నిలదీసిన మఱుక్షణముననే, దెబ్బలకోర్వలేక తిట్టితిని, మనసున పెట్టుకొనవలదని కాళ్లపై బడినవియు కలవు. ఆ తిట్లను మన పెద్దలు చెఱపివేయలేదు. భజనగోష్ఠులలో భక్తితో పాడుకొనుచునే యున్నారు. దీనిభావమేమి? బాధపడువాడు వెంటనే కృతజ్ఞతాస్తుతులు చేయవలయునను నియమము భక్తిశాస్త్రములో లేదు. వాడు ఏడ్వవచ్చును, అలుగవచ్చును, ప్రశ్నింపవచ్చును. అనుగ్రహము వానికి తోచునప్పుడు తోచును. తోచువఱకు వానిని తొందరపెట్టుట ఇతరుల పనికాదు.

ఇక రెండవ ప్రశ్న. పొందిన అనుగ్రహమును ఏమి చేయవలయుననుటకు భాగవత నవమస్కంధములోని రంతిదేవుని కథ సమాధానము. సర్వస్వమును దానముచేసి, కుటుంబముతో అడవులపాలై, నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక గడిపిన యా రాజునకు, నలువదితొమ్మిదవనాటి యుదయమున కొంత పాయసమును, కొంత నీరును దొరకెను. నోటికందించుకొనబోవునంతలో ఒక బ్రాహ్మణుడు వచ్చెను, సగమతనికి పోయెను. వెంటనే ఒక శూద్రుడు వచ్చెను. మిగిలినదానిలో భాగమతనికి పోయెను. తరువాత కుక్కలగుంపుతో ఒకడు వచ్చెను, అన్నమంతయు ముగిసెను. ఒక్కని దాహమునకు చాలిన నీరు మాత్రము మిగిలెను. అంతలో చండాలుడొకడు వచ్చి దప్పికకు తాళలేకున్నానని వేడుకొనెను. ఆ నీటిని గూడ వానికిచ్చుచు ఆ రాజు తలచినదేమనగా, తనకు అష్టసిద్ధులు వలదు, మోక్షమును వలదు, ప్రాణులందఱి దుఃఖమును వారిలోనుండి తాననుభవింపగలిగి వారిని దుఃఖరహితులను చేసిన చాలునని. ఈ కథను వదాన్యతకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. నాకు దీనిలో వేఱొక విశేషము కనబడును. రంతిదేవుడు రాజ్యమేలుచున్నప్పుడు చేసిన దానములను గూర్చి కవి యిన్ని పద్యములు వెచ్చింపలేదు. దప్పికయనగా ఏమో తన నాలుకకు తెలిసినతరువాత అతడు చేసిన యొక్క గుక్కెడు నీటి దానము కథయైనది. ఆకలిని ఎఱిగినవాని చేయి అన్నము పెట్టునప్పుడు వేఱుగానుండును.

పురాణములు విడిచి మన నేలమీదికి వత్తము. గోదావరి కృష్ణా మండలములవారు నేడు తమ ప్రాంతమును అన్నపూర్ణయని చెప్పుకొనుచున్నారు గాని, నూటతొంబది యేండ్ల క్రిందట ఈ మాట చెప్పినచో వినువారు నవ్వియుండెడివారు. 1832–33 నాటి నందనకరువులో గుంటూరు మండలమున ఐదులక్షల జనములో లక్షన్నరకు తక్కువగాని మంది మడిసిరని చరిత్రకారులు వ్రాసిరి. గోదావరి మండలమును కరువులును, తుపానులును అదే విధముగా పీల్చివేసినవి. నది మాత్రము ఎప్పటివలెనే నిండుగా పాఱి సముద్రములో కలియుచుండెను. ఆ దుఃస్థితిని కన్నులార చూచిన ఆర్థర్ కాటన్, ధవళేశ్వరము ఆనకట్టకై పైయధికారులతో పోరి, 1847లో పని ప్రారంభించి 1852 నాటికి ముగించెను. దైవభక్తిగల ఆ యింజనీరు తన భక్తిని రాతికట్టగాను, కాలువలుగాను వ్రాసిపోయెను. వైనతేయపాయ మీదుగా నగరము లంకకు సాగునీరు నడపించు గన్నవరము అక్విడక్టు ఆ కాలపు నిర్మాణమే. సీతమ్మగారు పుట్టినప్పుడు ఆనకట్ట లేదు. ఆమె కాపురమునకు వచ్చి గరిటె పట్టినప్పుడు కాలువలో నీరున్నది. ఆమె అతిథులకు వడ్డించిన యన్నములో, కరువున చచ్చినవారిని చూచి కదలిన యొక హృదయముయొక్క శ్రమ గూడ కలిసియున్నది. ఒక తరపు ఆపద మఱియొక తరపు అన్నమగుట ఇట్లు.

ఐనను, కష్టములో దైవమును వెదకి, దొరికినదానిని వేలమందికి పంచిన చరిత్రను నిండుగా చెప్పుటకు నేను మహారాష్ట్రమునకు పోవలసియున్నది. పండిత రమాబాయి సరస్వతి పేరు ఈ సభలోని పెద్దలలో అనేకులు వినియుందురు. 1858లో పడమటి కనుమలలోని గంగామూలయను అరణ్యప్రదేశమున ఆమె జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. భార్యకు సంస్కృతము నేర్పినందుకు పండితులయొక్క ఆగ్రహమునకు గుఱియై అడవిలో ఆశ్రమము కట్టుకొన్నవాడు. తల్లి లక్ష్మీబాయి, తెల్లవాఱకముందే చిన్నపిల్లను లేపి సంస్కృతపాఠములు చెప్పినది. అప్పులపాలై ఆశ్రమము విడిచిన ఆ కుటుంబము తీర్థములు తిరుగుచు, దేవాలయములలో పురాణము చదివి, శ్రోతలు సమర్పించినదానితో జీవించుచుండెను. కుంతీస్తుతియు, రంతిదేవచరితమును గల భాగవతము ఆ బాలికకు కంఠస్థము.

అంతలో కరువు వచ్చెను. నగలమ్మిరి, బట్టలమ్మిరి, కడకు వంటపాత్రలమ్మిరి. కూలిపనికి పోవుటకు కులగౌరవమును, పాండిత్యాభిమానమును అడ్డువచ్చెనని ఆమెయే తరువాత దాపరికము లేక వ్రాసికొనినది. ఆకులును, అడవికాయలును తిని దినములు గడపిరి. 1874లో తండ్రి పోయెను. కొన్ని నెలలలోనే తల్లియు, అక్కయు పోయిరి. తల్లి జ్వరముతో పడియుండి ఒక సజ్జరొట్టె ముక్క కావలెనని కలవరించినప్పుడు, పదునాఱేండ్ల రమాబాయి పొరుగింటికి పోయి గుమ్మమువద్ద నిలిచెను. అడుగబోయిన నోటికి మాట రాలేదు; కన్నులనుండి నీరు కారుచునే యుండెను. ఆ యింటి ఇల్లాలు ఆ కన్నీటినే యాచనగా గ్రహించి రొట్టె తెచ్చి చేతబెట్టెను. ఆ రొట్టెతో తల్లి బ్రదుకలేదు. శ్మశానము దూరము, శవమును మోయుటకు మనుష్యులు కఱవైరి. ఇరువురు బ్రాహ్మణులు దయదలచి వచ్చిరి, అన్న శ్రీనివాసుడు మూడవవాడు. నాలుగవ కొమ్ము రమాబాయి పట్టవలసివచ్చెను. పొట్టిది గనుక భుజమునకు అందక పాడెను తలమీద పెట్టుకొని నడచెను.

తరువాత అన్నాచెల్లెండ్రు కాలినడకను దేశమంతయు తిరిగిరి. కప్పుకొనుటకు బట్టలేని చలిరాత్రులలో జీలం నదీతీరమున ఇసుకలో గోతులు త్రవ్వి, కుత్తుకబంటి ఇసుక కప్పుకొని పరుండిరి. 1878లో కలకత్తా చేరినప్పుడు అచ్చటి పండితులు ఆమె విద్వత్తునకు అబ్బురపడి పండితయనియు, సరస్వతియనియు బిరుదములిచ్చి సత్కరించిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరముననే ఆమె బిపిన్ బిహారీ మేధావియను బెంగాలీ వకీలును కులాంతరవివాహము చేసికొనెను. రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగంపంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని మొదటి వితంతువివాహము జరిపించిన రెండు నెలలలోపల, కలరా సోకి భర్త పోగా, ఏడాది నిండని బిడ్డతో రమాబాయి తానే వితంతువయ్యెను. అప్పటికామెకు ఇరువదినాలుగేండ్లు నిండలేదు.

ఇన్ని దెబ్బలు తగిలిన మనుష్యులు రెండు విధములుగా మారుదురు. కొందఱు నాకెవ్వరు పెట్టిరని గట్టిపడుదురు. కొందఱు నావలె మఱియొకరు పడరాదని మెత్తబడుదురు. మొదటి విధమువారిని నిందించుటకు మనము చాలము. వారి బాధ మనము పడలేదు. రెండవ విధమువారిని చూచినప్పుడు మాత్రము, ఇది వారి స్వభావము మాత్రమే కాదు, వారికి వెలుపలనుండి ఏదియో అందినదని ఒప్పుకొనవలసియుండును. రమాబాయి తనకు అందినదానికి దైవానుగ్రహమనియే పేరు పెట్టెను. 1883లో ఇంగ్లండు పోయి అచ్చట క్రైస్తవమతము స్వీకరించెను. అమెరికాలో రెండేండ్లకుపైగా ఉపన్యాసములిచ్చుచు, హిందూ వితంతువుల దుఃస్థితిని గూర్చి 1887లో గ్రంథమును ప్రకటించి, ధనము కూడబెట్టి, 1889 మార్చి 11వ తేదీని బొంబాయిలో శారదాసదనమను వితంతువిద్యాలయమును తెఱచెను. మఱుసటి యేడాది పూనాకు తరలించెను. దానిలో మొదట చేరిన వితంతుబాలికలలో గోదూబాయి యొకతె. ఆమెనే ధోండో కేశవ కర్వే 1893లో వివాహమాడెను. ఆయన 1896లో తానుగా వితంతుశరణాలయమును, 1916లో మహిళావిశ్వవిద్యాలయమును స్థాపించెను. ఒక ఇంట వెలిగినది మఱియొక ఇంటికి సాగుట యనగా ఇది.

1896–97లో మధ్యపరగణాలలో కరువు ప్రబలినదని వార్తలు వచ్చెను. రమాబాయికి తన యౌవనారంభపు కరువు కన్నులకు కట్టినది. చేత చాలినంత ధనములేదు. ఉన్నవారిని పోషించుటయే కష్టముగానుండెను. ఐనను ఆమె బయలుదేరి పోయెను. సహాయశిబిరములలోను, బీదలకొట్టములలోను, త్రోవప్రక్కలను ఎముకలగూళ్లవలెనున్న బాలికలను చూచెను. అన్నము చూపి వారిని దుర్మార్గములకు తార్చుకొనిపోవు మనుష్యులను గూడ చూచెను. మూడువందలమందికి మించిన బాలికలను, వితంతువులను వెంటబెట్టుకొని వచ్చెను. పూనాలో ప్లేగు నిబంధనలవలన వారిని ఉంచుటకు వీలుకాకపోగా, కేడ్‌గాఁవ్ అను పల్లెలో తాను కొనియుంచిన పొలములో పాకలు వేయించెను. పుండ్లతోను, పేలతోను, ఒకరిచేతి యన్నమును మఱియొకరు లాగుకొను ఆకలితోను వచ్చిన యా పిల్లలకు స్నానముచేయించి, తలదువ్వి, రాత్రులు మేలుకొనినవారు శారదాసదనపు విద్యార్థినులే; నిన్నటి నిరాశ్రయురాలు నేటి నిరాశ్రయురాలికి తల్లియయ్యెను. 1900 నాటి గుజరాతుకరువు తరువాత ముక్తిసదనమను పేర వెలసిన ఆ నివాసమున పదునైదువందలకు మించినవారు తలదాచుకొనిరి. నేత, వ్యవసాయము, అచ్చుపని, గానుగ, పాడి మొదలైన వృత్తులను నేర్పిరి. అంధబాలికలకు బ్రెయిల్ లిపి నేర్పిరి. లోకము పతితలని వెలివేసిన స్త్రీలకై వేఱుగ నొక గృహము నిర్మించి దానికి కృపాసదనమని పేరు పెట్టిరి. 1921లో ఒక్కగానొక్క కూతురు మనోరమ తనకంటె ముందే పోగా, ఆ దుఃఖమును దిగమ్రింగి పనిచేయుచునే, 1922 ఏప్రిల్ 5వ తేదీని రమాబాయి దేహము చాలించెను. ముక్తిసదనము నేటికిని నడచుచున్నది.

ఆమెను గూర్చిన వివాదమును దాచుట న్యాయముగాదు. శారదాసదనములో బాలికలను మతాంతరమునకు ప్రోత్సహించుచున్నారను ఆక్షేపణము లేచి, 1893లో రానడే, భాండార్కరు ప్రభృతులు సలహాసంఘమునుండి తొలగిరి. తిలకుని కేసరిపత్రిక తీవ్రముగా విమర్శించెను. అనేకులు తమ పిల్లలను వెనుకకు తీసికొనిపోయిరి. ఈ విషయమున నా యభిప్రాయము రెండు మాటలలో చెప్పెదను. పెట్టిన యన్నము తిన్నవాని మనస్సుపై హక్కు కాకూడదు. రంతిదేవుడు నీరు త్రాగినవానిని నీ దైవమెవడని యడుగలేదు. ఇది యే మతస్థునికైనను వర్తించును. కాని ఆక్షేపించువారికి గూడ ఒక బాధ్యత కలదు: ఆమె తలుపు మూయవలెనని కోరువారు ముందు తమ తలుపు తెఱవవలయును. కర్వేగారు ఆ విధముగా తెఱచిరి గనుకనే ఆయన మాటకు విలువ కలిగినది.

ఈ చరిత్రలనుండి మనము గ్రహింపదగినవి కొన్ని కలవు. మొదటిది, అనుగ్రహము నిలువచేయు వస్తువు కాదు. డెల్టావాసులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు: కాలువ మొదట నున్న రైతు నీటికి అడ్డుకట్ట వేసికొనినచో వాని చేను కుళ్లును, శివారు చేను ఎండును, పై చేనికి వచ్చిన నీరు దిగువకు వదలుటకే వచ్చినది. నేను కష్టములనుండి గట్టెక్కితిని, నాయందు భగవంతునికి ప్రత్యేకాభిమానము కలదని తృప్తిపడి ఊరకుండువాని భక్తి కొలదికాలములోనే అహంకారముగా మాఱును. రెండవది, పాత్రాపాత్రవిచారము. ధర్మశాస్త్రములు అపాత్రదానమును నిషేధించినమాట నిజమే. కాని ఆకలి, దాహము, చలి, రోగము వచ్చినప్పుడు మనుష్యుడనుటయే పాత్రత. తప్పుచేసి కష్టములపాలైనవానికి సాయమేలయని యడుగువారు, గోపన్న చెఱకు పోయిన కారణమును గూడ జ్ఞాపకముంచుకొనవలయును. లెక్కలలో అతడు దోషియే. ఆ లెక్క చూచి లోకము అతనిని విడిచియుండినచో ఆ కీర్తనములు మనకు దక్కియుండెడివి కావు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. పొరుగింటి గుమ్మమువద్ద నోరు పెగలక నిలిచిన ఆ పదునాఱేండ్ల బాలికను తలచుకొనుడు. నిజముగా కష్టములోనున్నవారిలో పెక్కుమంది అడుగరు, అడుగలేరు. అడుగుటకు అలవాటుపడినవారు ఎట్లో బ్రదుకుదురు. నిన్నటివఱకు పదిమందికి పెట్టి నేడు పొయ్యి వెలుగనివారు, రోగమును ఇంటివారికి గూడ చెప్పుకొనని తల్లులు, పంట పోయినదని ఊరివారియెదుట తల యెత్తలేని కౌలురైతులు, దూరదేశమునకు పోయిన కొడుకునుండి కబురులేని ముసలివారు, వీరి కన్నీరు గుమ్మమువఱకైనను రాదు. ఆనాటి యా పొరుగింటి ఇల్లాలి పేరు చరిత్రకెక్కలేదు. ఆమె చేసిన గొప్పపని రొట్టె యిచ్చుట మాత్రమే కాదు, అడుగకముందే అర్థముచేసికొనుట. కేడ్‌గాఁవ్‌లో వేలమందికి దొరకిన యన్నమునకు విత్తనము ఆ రొట్టెముక్కలోనే యున్నదని నాకు తోచును.

ఈ ప్రాంతమువారికి ఆపదలు క్రొత్తగావు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు, ఏండ్లతరబడి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోగా, మరల మొక్క నాటి కాపునకు వచ్చువఱకు ఎట్లు బ్రదుకవలెనని దిగులుపడిన కుటుంబములు ఈ సభలోనే యుండవచ్చును. కూలిన యింటిముందు నిలిచినవారిలో ఒకరికొకరు తత్త్వబోధచేసికొనుటకు తీరిక యెవరికున్నది? పైకప్పు మిగిలిన యింట పైకప్పులేనివారు పడుకొనిరి. బియ్యము తడియని యింట అందఱకును గంజి కాగినది. ఆ రాత్రి దేవుడెక్కడున్నాడని యెవరైన అడిగియుండినచో, నాకు తెలిసిన ఉత్తరము అది యొక్కటియే.

కావున పెద్దలకును, విశేషించి ఈ సభలోని యువతీయువకులకును నేను చేయు విన్నపము స్వల్పము. కష్టములోనున్నవానియొద్దకు పోవునప్పుడు సిద్ధాంతము తీసికొనిపోకుడు. తినదగినదేదైన తీసికొనిపొండు, లేదా చేయదగిన పని యేదైన చేసిరండు. ఆసుపత్రి వరండాలో రోగికి తోడుగానున్నవాడు రెండు దినములుగా నిద్రపోలేదేమో చూడుడు. వానిని ఒక జాము పడుకొననిచ్చి మీరు కూర్చుండుడు. అప్పిచ్చినచో మఱల అడుగకుడు, పెట్టినచో చెప్పుకొనకుడు. మీకే కష్టము వచ్చినప్పుడు, అందిన చేయిని పట్టుకొనుటకు సిగ్గుపడకుడు. పుచ్చుకొనుట తెలియనివానికి పెట్టుట గూడ సరిగా రాదు. ఆ కష్టము అనుగ్రహమైనదో కాదో తీరికగా మీరే నిర్ణయించుకొనుడు, ఇతరులను చెప్పనీయకుడు.

దైవానుగ్రహము పొందితిమని మనలో ఎవరైనను చెప్పుకొనవచ్చును. ఆ మాటకు సాక్షులు మాత్రము మనము కాజాలము. మన గుమ్మమెక్కి దిగినవారు చెప్పవలయును. సీతమ్మగారి విషయమున వారు చెప్పిరి గనుకనే, ఆమె గతించి నూఱేండ్లు దాటినను మనమిచ్చట కూడితిమి.